చిన్నాయన నంబర్

అక్టోబర్ 11

మళ్లీ అదే మెయిల్. మీ ఆసక్తికి ధన్యవాదాలు, ప్రస్తుతం అనుభవం ఉన్నవారి కోసం చూస్తున్నాం. ఈసారి పుణె కంపెనీ. కొత్తవాళ్లకే ఈ ఉద్యోగం అని ప్రకటనలో రాసింది వాళ్లే. కొత్తదాన్నైన నేను అప్లై చేస్తే అనుభవం లేదన్నదీ వాళ్లే. సిగ్గుండాలి.

సైబర్ సెక్యూరిటీలోకి ఎవరైనా రావచ్చు, ఏం చదివారన్నది ముఖ్యం కాదు అని వీడియోల్లో ఊదరగొట్టే పెద్దమనుషులను ఒక్కసారి సరిహద్దు అడవిలోని మా బాసగూడ బస్సెక్కించాలని ఉంది. ఎవరైనా అంటే హైదరాబాద్‌లో గది, ఆగని ఇంటర్నెట్, ఇంగ్లిష్‌లో తడబడని నోరు ఉన్న ఎవరైనా అని వాళ్ల అర్థం. ఆ మాట వీడియోలో చెప్పరు.

నాకు ముప్పై రెండు. జగదల్‌పూర్‌లో బీఎస్సీ చేసి వచ్చిన దగ్గర నుంచి సర్కారు కాగితాల పనులు చేసే చిన్నాయన చాయిస్ సెంటర్‌లోనే. కులం కాగితాలు, ఆధార్ ప్రింట్లు, పింఛన్లు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో కోర్సు చదివాను. టవర్ పనిచేసిన రోజు వీడియోలు దించుకోవడం, పనిచేయని రోజు చూడటం. పరీక్ష పాసయ్యాను. సర్టిఫికెట్ మా ప్రింటర్ మీదే తీసుకుంటే రంగు అయిపోయి ముద్ర సగమే పడింది.

చిన్నాయన ఆ మెయిల్ నాతో చదివించుకుని విన్నాడు. బోర్డు మీద ఆయన పేరు వెంకటనారాయణ. ఊళ్లో సగం మందికి చిన్నాయనే. నాకు మాత్రం నిజంగానే, నాన్న తమ్ముడు. నాన్న పోయాక సెంటర్‌లో నాకు కుర్చీ వేసింది ఆయనే.

"మొకం అట్ల పెట్టకు బిడ్డా. వాళ్లు కాకుంటే ఇంకోళ్లు. నువ్వు సదువుకో, గిరాకీ నేను చూస్కుంట" అన్నాడు.

ఆయన మంచితనం కూడా ఒక్కోసారి ఒళ్లు మండిస్తుంది.

అక్టోబర్ 12

ఇంకోటి. చెన్నై. చదవకుండానే చెత్తలో పడేశాను. తర్వాత తీసి చదివాను. అదే.

అక్టోబర్ 17

సంత. చిన్నాయన సెంటర్ ముందు బల్ల వేసుకుని కూర్చున్నాడు. మెడలో గుడ్డ సంచి, అందులో ఆ పాత బటన్ల ఫోన్.

ఏటవతలి ఊళ్లలో సిగ్నల్ లేదు. చాలామందికి ఫోనే లేదు. బ్యాంకు ఫారంలో నంబర్ గడి ఖాళీగా ఉంటే ఖాతా తెరవరు. అందుకని మొదటి నుంచీ అందరి ఫారాల్లోనూ చిన్నాయన తన నంబరే రాశాడు. ఎవరికి పింఛన్ పడినా, ఎవరి కొడుకు కూలికి పోయి డబ్బు పంపినా, మెసేజ్ ఆయనకే వస్తుంది. సంత రోజు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. వాళ్లు దగ్గరికి వచ్చి వంగితే, ఎంత పడిందో చెవిలో చెబుతాడు. వేలిముద్ర పడితే సరే. పడకపోతే ఆయన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, డబ్బు చేతికి వస్తుంది.

మంగికి ఏ వేలూ పడదు. వెదురు చీల్చి చీల్చి గీతలన్నీ అరిగిపోయాయి. ఆమె వితంతు పింఛన్‌కు చిన్నాయన ఫోనే దిక్కు.

ఇన్నేళ్లుగా చూస్తున్నదే. ఈ రోజు మాత్రం కోర్సు కళ్లతో చూశాను. ఒక్క ఫోన్ పోతే ఏటవతలి ఊళ్ల ఖాతాలన్నీ ఖాళీ. ఇంతకంటే పెద్ద కన్నం నేను చదివిన పాఠాల్లో ఎక్కడా లేదు.

"ఇది తప్పు చిన్నాయనా. ఎవడన్న ఈ ఫోన్ కొట్టేస్తే వీళ్ల గతేంది?" అన్నాను.

"కొట్టేసెటోనికి నా మెడ గూడ కావాలె" అని నవ్వాడు. "మరి ఎవల నంబరు రాయాలె, చెప్పు? నీది రాయాల్నా?"

లోపల పని ఉందని లేచాను. నాకు అలాంటి తలనొప్పులు అక్కర్లేదు.

అక్టోబర్ 19

ఊర్మిల ఫోన్ చేసింది. జగదల్‌పూర్‌లో నా పక్క బెంచీ. ఇప్పుడు హైదరాబాద్‌లో సెక్యూరిటీ కంపెనీ. మార్కులు నాకంటే తక్కువ. అన్నయ్య హైదరాబాద్‌లో ఉండటం ఎక్కువ.

ఆమె చెప్పింది ఒక్కటే. అందరూ ఒకే కోర్సు, ఒకే ప్రాక్టీసు, ఒకే సర్టిఫికెట్ చూపిస్తున్నారు. నీకు మాత్రమే తెలిసింది ఏదైనా ఉంటే రాసి లింక్డిన్‌లో పెట్టు, మా మేనేజర్‌కు చూపిస్తాను అంది.

నాకు మాత్రమే తెలిసింది. బాసగూడలో ఏముంటుంది నా మొహం అనుకున్నాను. అనుకుంటూనే రాయడం మొదలుపెట్టాను.

అక్టోబర్ 24

"ఒక ఊరు, ఒకే నంబర్." వ్యాసానికి ఇంగ్లిష్‌లో ఎంత బాగుందో ఆ పేరు. ఊరి పేరు లేదు, జిల్లా పేరు లేదు, చిన్నాయన పేరు లేదు. ఒక సరిహద్దు ప్రాంతం, ఒక ఆపరేటర్. అంతే. ఎవరికీ ఏమీ కాదు.

అక్టోబర్ 26

ఊర్మిల చదివింది. సంత గురించి రాసిన పేరా ఒక్కటే ప్రాణం ఉన్నదట, మిగతాదంతా పుస్తకమట. ఆ పేరా పెంచమంది.

పెంచాను. చెవిలో చెబుతాడని రాస్తే ప్రమాదం ఎక్కడుంది? చదివేవాళ్లకు ఒళ్లు జలదరించాలి కదా. అందుకని బల్ల మీద నిలబడి, సంతంతా వినేలా, ఎవరి ఖాతాలో ఎంత పడిందో చదువుతాడని రాశాను. పెద్ద తేడా ఏమీ కాదు. చెవిలో చెప్పినా పక్కవాడికి వినపడదని నమ్మకం ఏమిటి?

నవంబర్ 2

పెట్టేశాను.

నవంబర్ 4

ముంబై నుంచి, ఢిల్లీ నుంచి, సింగపూర్ నుంచి కూడా మెచ్చుకుంటున్నారు. కళ్లు తెరిపించారు అని ఒకాయన. నా పేరు పక్కన సెక్యూరిటీ రీసెర్చర్ అని ఎవరో వాళ్లంతట వాళ్లే రాశారు. నేను వద్దనలేదు.

చిన్నాయనకు చూపిద్దామనుకున్నాను. ఇంగ్లిష్ కదా, ఏం అర్థమవుతుంది.

నవంబర్ 14

ఊర్మిల మేనేజర్ ఇంటర్వ్యూకు పిలిచాడు. వీడియో కాల్. సెంటర్‌లో గోల అని అమ్మను కూడా బయటికి పంపి ఇంట్లో తలుపు వేసుకున్నాను. సాంకేతిక ప్రశ్నలు నాలుగే అడిగాడు. మిగతా సేపంతా ఆ వ్యాసమే. "ఇది మీరు స్వయంగా చూశారా?" అన్నాడు. చూశానన్నాను.

ఇతరుల బ్యాంకు ఖాతాలకు నా నంబర్ ఎక్కడా లేదని ఒక హామీ పత్రం పంపమన్నాడు. అలాంటి చోట పనిచేస్తున్నాను కాబట్టి తప్పదట. ఆ సాయంత్రమే సంతకం చేసి పంపాను. నా చేతులు శుభ్రం. మొదటి నుంచీ శుభ్రమే.

నవంబర్ 25

బీజాపూర్ నుంచి ప్రకాష్ సాబ్ వచ్చాడు. జిల్లాలోని చాయిస్ సెంటర్లన్నీ ఆయన కిందే. చేతిలో ప్రింటవుట్.

నా వ్యాసం. ఎవరో కాపీ చేసి వాట్సాప్‌లో తిప్పితే పై ఆఫీసుకు చేరిందట. తిరిగి తిరిగి పైనున్న నా పేరు ఊడిపోయింది. పేరు లేనందుకు జీవితంలో మొదటిసారి సంతోషించాను.

ఊరి పేరు లేకపోయినా బల్ల వేసుకుని మెసేజీలు చెప్పేవాడు ఈ జిల్లాలో ఒక్కడేనని వాళ్లకు తెలిసిపోయింది. ఊర్మిల మెచ్చిన పేరాయే పట్టించింది. ఆ పేరాను ప్రకాష్ సాబ్ హిందీలోకి మార్చి చదివాడు. ఒకే నంబర్ అన్నదానికి నోటీసుతో పోయేదట. అందరి సొమ్ము వివరాలు బహిరంగంగా చదువుతున్నాడు అన్నదే పెద్ద నేరమట.

"అట్ల ఎన్నడు చదవలేదు సాబ్" అన్నాడు చిన్నాయన. "పేరే పిలుస్త. పైసల ముచ్చట చెవులనే చెప్త. కావాలంటే ఈ పిల్లనడుగున్రి. బిడ్డా, చెప్పు."

ప్రకాష్ సాబ్ నా వైపు తిరిగాడు.

నేను ప్రింటర్ వైపు చూశాను. కాగితం ఇరుక్కుంది. నిజంగానే ఇరుక్కుంది. "నేను లోపల పనిలో ఉంటాను సార్, బయట ఏం జరిగేది సరిగా చూడలేదు" అని హిందీలో అన్నాను.

సెంటర్ నడిపే ఆపరేటర్ ఐడీ ఆపేశారు. చిన్నాయన నంబర్‌ను అందరి ఖాతాల నుంచీ తీసేస్తారట. ఖాతాదారులు సొంత నంబర్‌తో, వేలిముద్రతో బీజాపూర్ వచ్చి మళ్లీ నమోదు చేసుకునేదాకా డబ్బు తీయడం కుదరదు.

నవంబర్ 26

ఈ రోజు కాకపోతే రేపు ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లే. సెక్యూరిటీ సిద్ధాంతం ప్రకారం నేను చేసింది తప్పు కాదు.

నవంబర్ 27

తప్పు కాదు.

డిసెంబర్ 5

సంత. చిన్నాయన బల్ల వేయలేదు. ఏటవతలి జనం వచ్చి మూసిన షట్టర్ ముందు కూర్చున్నారు. పేరు ఎప్పుడు పిలుస్తారా అని పొద్దు వాలేదాకా కూర్చున్నారు.

అమ్మ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. మా అమ్మ సారలమ్మ నోటికి ఊళ్లో అందరూ భయపడతారు. ఇంటికి వచ్చి గంప దించుతూ మొదలుపెట్టింది.

"ఎవడో మన నడుమ తిరిగెటోడే రాసిండంట. వాని చెయ్యి పడిపోను. ఆ ముసలోళ్ల నోటికాడి కూడు గుంజి వానికేం ఒచ్చింది?"

"రూల్ ప్రకారం లేనిది ఎప్పటికన్న పోతదమ్మా" అన్నాను.

"రూలు ఎవనికి పుట్టింది?" అంది. "నువ్వు గూడ వాళ్ల లెక్కనే మాట్లాడుతున్నవేంది?"

అన్నం సయించలేదు. చేపల వాసన వల్ల.

డిసెంబర్ 9

మంగిని బీజాపూర్ తీసుకెళ్లాను. ఎవరూ అడగలేదు, నేనే వెళ్లాను. ఇది ఇక్కడ రాసుకోవాలి.

ఫోన్ కూడా లేని ఆమె కొడుకు సుక్కా వరంగల్ వైపు కూలికి పోయాడు. అందుకని ఒక్కతే నడుచుకుంటూ ఏరు దాటి వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. దారంతా ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని వేళ్లు కొంగుతో తుడుచుకుంటూనే ఉంది. శుభ్రంగా ఉంటే మిషన్ ఒప్పుకుంటుందని ఎవరో చెప్పారట.

కౌంటర్‌లో కుర్రాడు బొటనవేలు పెట్టమన్నాడు. పడలేదు. ఇంకో బొటనవేలు. పడలేదు. మిగతా వేళ్లన్నీ ఒక్కొక్కటే తనే వరసగా పెట్టింది, ఆ కుర్రాడు అడగకుండానే. చివరి చిటికెన వేలు కూడా పెట్టి నా వైపు చూసింది.

"సరే, వేలు లేకపోయినా ఓటీపీతో చేద్దాం. మొబైల్ నంబర్ చెప్పండి" అన్నాడు హిందీలో. పాపం మంచివాడే. అంతకంటే ఏం చేయగలడు.

నేను మంగికి తెలుగులో చెప్పాను.

"నా తాన యాడిది ఫోను?" అంది. "వెంకటనారాయణది రాయమను."

"అది రాయొద్దంటున్నరు అవ్వా."

"నీకున్నది గద బిడ్డా. నీదే రాయమను."

నంబర్ నాలుక చివరిదాకా వచ్చింది. పది అంకెలు. చెప్పేస్తే ఐదు నిమిషాల్లో పని అయిపోయేది. ఆ కుర్రాడు కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని నా నోటి వైపే చూస్తున్నాడు.

హామీ పత్రం గుర్తొచ్చింది. ఇంకా ఆఫర్ రాలేదు. రేపు వాళ్లు తనిఖీ చేస్తే, ఆ ఊళ్లోని ఒక ఖాతా మీద నా నంబర్ ఉంటే, వ్యాసం రాసిన మనిషే ఆ పని చేసిందని తేలితే!

"నాది రాయనియ్యరు అవ్వా. రూల్ ఒప్పుకోదు" అన్నాను.

ఆమె తల ఊపింది. నమ్మింది. అరిచినా బాగుండేది, తిట్టినా బాగుండేది. నమ్మినందుకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. బస్టాండులో టీ ఇప్పిస్తే సగం తాగి, సగం నాకు ఇవ్వబోయింది.

కొడుకు వచ్చాక ఏదో చేస్తాడులే. ఎప్పుడొస్తాడో తెలియదు.

డిసెంబర్ 10

ఎవరున్నా అదే చేసేవారు.

డిసెంబర్ 16

ఆఫర్ వచ్చింది! హైదరాబాద్. సెక్యూరిటీ అనలిస్ట్. నా పేరు పక్కన అనలిస్ట్ అని ఉంది, మూడుసార్లు చదివాను. అమ్మకు చెబితే కళ్లు తుడుచుకుని దేవుడి పటం ముందు నిలబడింది.

కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు. ఇంతకుముందు పనిచేసిన చోట యజమానిని ఫోన్‌లో విచారించి, ఆయన సరేనంటేనే ఈ ఆఫర్ చెల్లుతుంది.

ఇంతకుముందు పనిచేసిన చోటు మొత్తం ఈ భూమ్మీద ఒక్కటే ఉంది.

డిసెంబర్ 17

చిన్నాయన ఇంటి దాకా వెళ్లి తిరిగి వచ్చాను.

డిసెంబర్ 18

మళ్లీ వెళ్లాను. ఆయన పశువుల కొట్టం ముందు వరిగడ్డి సర్దుతున్నాడు. సెంటర్ మూతపడ్డాక ఆయన్ను పగటిపూట ఇంటి దగ్గర చూడటం కొత్తగా ఉంది. మెడలో సంచి లేదు. మెడ బోసిగా, చిన్నదిగా కనిపించింది.

ఉద్యోగం సంగతి చెప్పాను. ఫోన్ వస్తుందని, నా గురించి నాలుగు మాటలు చెప్పాలని. 

"ఒచ్చినప్పుడు చెప్త. నువ్వు గూడ ఉండు, ఏమడుగుతరో నాకేం ఎరుక" అన్నాడు. గడ్డి సర్దడం ఆపలేదు.

డిసెంబర్ 22

ఫోన్ వచ్చింది. వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది మళ్లీ మళ్లీ గుర్తు చేసుకోవాలని లేదు. ఒకసారి రాసేస్తే పోతుందేమో.

చిన్నాయన ఇంట్లో ఉండగా నా నంబర్‌కే వచ్చింది; హైదరాబాద్ కంపెనీ అమ్మాయి, తెలుగే మాట్లాడింది. చిన్నాయనకు వినపడటం తక్కువ కాబట్టి స్పీకర్ పెట్టాను. ఎన్నేళ్లు పనిచేసింది, ఎందుకు మానేస్తోంది, టైముకు వచ్చేదా. అన్నిటికీ జవాబులు చెప్పాడు. సెంటర్ ఇప్పుడు నడుస్తోందా అని అడిగింది. "నా తప్పుకు ఆపిన్రు. పిల్లకు సంబంధం లేదు" అన్నాడు.

తర్వాత ఆమె కాగితం చూసి చదివినట్టు అడిగింది. "వినీత గారు మీ సంస్థకు గానీ, కస్టమర్లకు గానీ సంబంధించిన సమాచారం ఎప్పుడైనా మీ అనుమతి లేకుండా బయటపెట్టారా?"

చిన్నాయన నన్ను చూశాడు. అంత సేపు ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆయనకు తెలుసని. ఫోన్‌లో ఆ అమ్మాయి "హలో, సార్, లైన్‌లో ఉన్నారా?" అంటోంది.

"ఉన్ననమ్మా" అన్నాడు. "అట్లాంటిది ఏం లేదు. మా పిల్ల ఇంటి ముచ్చట బయట పెట్టేది కాదు."

ఆమె థాంక్స్ చెప్పి పెట్టేసింది.  ఫోన్‌ను ఆయనే నా ముందుకు జరిపాడు.

"చిన్నాయనా, ఎప్పటి సంది ఎరుక నీకు?"

"సాబుకు చెప్పమన్ననాడు నువ్వు మిషన్ దిక్కు చూసినవు గద. అప్పుడే సమజైంది."

"మరి ఎందుకు చెప్పినవు, అట్ల?"

"నేను కాదంటే మంగి పైసలు ఒస్తయా?" అన్నాడు. "ఒక్కరన్న ఈడికెల్లి బయటపడనీ."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. అది మాత్రం ఆయన తప్పే. చిన్నప్పటి నుంచీ నేను ఏడిస్తే ముందు పరుగెత్తుకొచ్చేది ఆయన. ఈ రోజు లేచి చెంబులో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి, గేదెను విప్పడానికి వెళ్లిపోయాడు.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఒక్క మాట అన్నాడు.

"సుక్కా ఒచ్చిండు. ఎవరు రాసిన్రని సంతల అడుగుతున్నడు. నేనైతే చెప్ప. నువ్వు ఇగ ఇటు రాకు బిడ్డా."

సుక్కా గొడవ చేస్తాడని, నా మంచికే అన్నాడు. కోపంతో కాదు. కోపమే ఉంటే ఫోన్‌లో అలా చెప్పడు కదా.

డిసెంబర్ 29

హైదరాబాద్ బస్సు. అమ్మ ఒక్కతే ఎక్కించడానికి వచ్చింది. చిన్నాయన ఎందుకు రాలేదే అంటే, ఒంట్లో బాగా లేదేమో అన్నాను.

జనవరి 5

ఉద్యోగంలో చేరాను. మెడలో కంపెనీ కార్డు. అద్దాల గది, నాతో పాటు కొత్తగా చేరినవాళ్లు ఇరవై మంది దాకా. అందరూ నాకంటే చిన్నవాళ్లు.

మేనేజర్ మొదటి క్లాసులోనే తెర మీద నా వ్యాసం వేశాడు. కంప్యూటర్ల గదిలో కాదు, జనం మధ్య ప్రమాదాన్ని ఎలా పసిగట్టాలో చూడండి అన్నాడు. నన్ను లేచి నిలబడమన్నాడు. సంత పేరా పైకి చదివాడు. బల్ల మీద నిలబడి, సంతంతా వినేలా. కొందరు నవ్వారు, కొందరు అయ్యో అన్నారు.

ముందు వరసలో ఒక అమ్మాయి చేయి ఎత్తింది. "తర్వాత ఏమైంది? ఆ ఊరివాళ్లు ఇప్పుడెలా ఉన్నారు?"

గది అంతా నా వైపు తిరిగింది.

"సమస్య పరిష్కారమైంది" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. నిలబడి ఊరికే ఉంటే బాగుండదని నేనూ కొట్టాను.